హార్స్‌పవర్ లెక్క ఎవరు చెప్పాలి?

స్టాక్ క్లాస్ డ్రాగ్ రేసింగ్ (షోరూమ్‌లో అమ్మిన రూపంలోనే ఉన్న కార్లతో తోలే నేరు పరుగు పందెం) గురించి పాతతరం వాళ్ళు కబుర్లు చెప్పుకునే చోట కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "మా రోజుల్లో రూల్ చాలా సింపుల్. కంపెనీ ఏ హార్స్‌పవర్ అంకె అచ్చేస్తే అదే లెక్క. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ళు ఆ అంకెల్ని దిద్దడం మొదలుపెట్టాకే ఆట పాడైంది" అని. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అంటే అమెరికాలో ఈ పందేలు నడిపే సంఘం. ఈ వేసవిలో ఇండియానాపోలిస్ పక్కన పాత కార్ల విడిభాగాల సంతలో మళ్ళీ అదే విన్నాను. అన్నాయన డెబ్భై దాటినవాడు, చేతిలో మసిపట్టిన రోచెస్టర్ కార్బ్యురేటర్. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు.

వయసులో పెద్దవాళ్ళు, పైగా ఆ పందేల్లో స్వయంగా బళ్ళు తోలినవాళ్ళు. వాళ్ళతో సంతలో నిలబడి వాదించడం బాగుండదని ఊరుకున్నాను. కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. స్టాక్ క్లాస్ ఇన్ని దశాబ్దాలు బతికిందంటే ఆ అంకెల్ని దిద్దడం వల్లే బతికిందని నా నమ్మకం. దిద్దిన పద్ధతిలో లోపాలున్నాయి, వాటి సంగతీ రాస్తాను. కానీ దిద్దకుండా కంపెనీ కాయితానికే వదిలేసి ఉంటే ఈపాటికి ఈ ఆట కార్ల కంపెనీల ప్రకటనల బోర్డుగా మిగిలేది.

ఆ రోజుల మీద నాకేమీ చిన్నచూపు లేదు. 1961లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన మొదటి వింటర్‌నేషనల్స్ పోటీల్లో డాన్ నికల్సన్ 409 (క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు అది) షెవ్రొలేతో స్టాక్ విభాగం గెలిచిన కథ ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాదు. 1966లో అదే పొమోనాలో షర్లీ షహాన్ ప్లిమత్ తోలి టాప్ స్టాక్ గెలిచింది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జాతీయ పోటీలో ఒక ఆడమనిషి గెలవడం అదే మొదలు. అది జరిగింది నైట్రో ఇంధనంతో మంటలు కక్కే డ్రాగ్‌స్టర్లలో కాదు, బజార్లో కనబడే రూపమున్న కార్ల విభాగంలో. ఈ క్లాసు మీద నాకున్న ప్రేమకి అదీ ఒక కారణమే.

బరువు బై బలం

స్టాక్ క్లాస్ మొత్తం ఒక భాగహారం మీద నడిచింది. కారు షిప్పింగ్ వెయిట్‌ని (కంపెనీ చెప్పిన బరువుని) కంపెనీ ప్రకటించిన హార్స్‌పవర్‌తో భాగించాలి. 3,400 పౌండ్ల బండికి 340 హార్స్‌పవర్ అని కంపెనీ చెబితే ఒక్కో హార్స్‌పవర్‌కి 10 పౌండ్లు. ఆ అంకెని బట్టి ఎ, బి, సి, డి అని అక్షరాలు. గేరు బండైతే అక్షరం పక్కన ఎస్, ఆటోమేటిక్ అయితే ఎస్ఏ. పావు మైలు దూరం, పక్కపక్కన రెండు బళ్ళు.

ఇందులో ఉన్న అందమేమిటంటే, గెలవడానికి వేగమైన కారే ఉండక్కర్లేదు. అక్షరాలు కింద కింద దాకా ఉన్నాయి కాబట్టి పిల్లల్ని బడికి దింపే స్టేషన్ వ్యాగన్‌కి కూడా ఒక క్లాసు ఉంది, ఆ క్లాసులో దానికి ఒక రికార్డు ఉంది. జూనియర్ స్టాక్ అని పిలుచుకున్న ఆ కింది క్లాసుల్లో 1955 నుంచి 1957 దాకా వచ్చిన షెవ్రొలే వ్యాగన్లు రాజ్యమేలాయి. వ్యాగన్ బరువెక్కువ కదా, ఎందుకు తెచ్చేవాళ్ళు అనిపిస్తుంది. ఆ బరువే దాన్ని కింది క్లాసులోకి దింపుతుంది. ఉన్న బరువులో వెనక చక్రాల మీద పడే పాలు ఎక్కువ, కాబట్టి టైరు జారకుండా నేలని పట్టుకుంటుంది. ఇంజన్ అదే, కార్బ్యురేటర్ అదే, కాని పైన కూర్చోబెట్టిన డొక్కు మారితే క్లాసు మారిపోతుంది. ఈ కిటుకు పట్టినవాడు రెంచి చేతపట్టే ముందే, రాత్రిపూట వంటింటి బల్ల మీద స్పెసిఫికేషన్ల పుస్తకం ముందేసుకుని సగం పందెం గెలిచేసేవాడు.

మా ప్రకాశం జిల్లా వైపు తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందేలు చూసినవాళ్ళకి ఈ లెక్క చప్పున ఎక్కుతుంది. అక్కడా విభాగాలుంటాయి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్స్, సీనియర్స్. గిత్త వయసెంతో రైతు చెబితే రాసుకోరు. నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. ఎంత పెద్ద మోతుబరి జతైనా సరే నోరు తెరవాల్సిందే.

స్టాక్ క్లాస్‌లో బరువుకి కాటా ఉంది, ఇంజన్ లోపలి కొలతలకి టియర్‌డౌన్, అంటే ఇంజన్ విప్పి చూడడం, ఉంది. హార్స్‌పవర్‌కి మాత్రం పళ్ళు చూసే మనిషి లేడు. ఎవరి బండి గెలిస్తే ఎవరి షోరూమ్‌లో అమ్మకాలు పెరుగుతాయో వాళ్ళనే అడిగి రాసుకున్నారు. అన్నిటికన్నా ముఖ్యమైన అంకె అదీ.

అచ్చులో వేసిన తక్కువ

1968 ఫిబ్రవరిలో ఫోర్డ్ కంపెనీ పొమోనాకి కొన్ని తెల్ల ముస్టాంగ్‌లు తెచ్చింది. 428 కోబ్రా జెట్ ఇంజన్. కాయితం మీద 335 హార్స్‌పవర్. అల్ జోనియెక్ తోలిన బండి స్టాక్‌కి పైమెట్టైన సూపర్ స్టాక్ విభాగం మొత్తం గెలుచుకుంది. ఆ ఇంజన్ నిజంగా 335 అనుకున్నవాళ్ళు ఆ రోజు స్టాండ్స్‌లో ఎవరూ ఉండి ఉండరు. నాలుగొందల దగ్గర ఉంటుందని తర్వాత చాలామంది చెప్పారు. కానీ భాగహారంలో పడేది కాయితం మీది 335 కాబట్టి, ఆ బండి తన అసలు బలానికి తగ్గ క్లాసులో కాకుండా దిగువ క్లాసులో కూర్చుంది.

ఫోర్డ్ ఒక్కటే చేసిన పనీ కాదిది. షెవ్రొలే 302 ఇంజన్ పెట్టిన జెడ్-28 కమారోకి 290 అని రాసుకుంది. ఇంతకన్నా విచిత్రం 1967 కార్వెట్. ఎల్-71 అనే ఇంజన్‌కి 435 అని, నిజంగా రేసు కోసమే చేసిన ఎల్-88కి 430 అని అచ్చేశారు. తక్కువ ఉన్నదాన్ని ఎక్కువని, అయిదొందలు దాటేదాన్ని తక్కువని చెప్పారు. తెలియనివాడు 435 చూసి అది కొనుక్కుపోవాలి, తెలిసినవాడు ఎల్-88 అడిగి తీసుకోవాలి. క్రైస్లర్ వాళ్ళ 426 హెమీ ఇంజన్ మీద 425 అని ఉండేది. అంకె అలా అతికినట్టు కుదరడమే చెబుతోంది, అది కొలిచి రాసింది కాదని.

అంకెలు తగ్గించి వెయ్యడానికి రేసింగ్ ఒక్కటే కారణం కాదు, న్యాయంగా అది కూడా చెప్పాలి. 1960ల చివరికి ఇన్సూరెన్స్ వాళ్ళు హార్స్‌పవర్ చూసి ప్రీమియం పెంచేస్తున్నారు. కుర్రాళ్ళకి బండి అమ్మాలంటే అంకె చిన్నదిగా కనబడాలి. ఏ కారణమైతేనేం, పందెంలో దాని ఫలితం ఒకటే. పక్క లేన్‌లో నిజాయితీగా రాసిన కంపెనీ కారు తోలుకునే మనిషి బయల్దేరమని చెప్పే లైట్ల స్తంభం (క్రిస్మస్ ట్రీ) మీద పచ్చలైటు పడకముందే ఓడిపోయాడు. అతను రాత్రుళ్ళు గ్యారేజీలో పడ్డ కష్టానికి విలువ లేకుండా పోయింది. అతన్ని ఓడించింది పక్కవాడి పనితనమూ కాదు, డెట్రాయిట్‌లో ఎవరో గుమాస్తా టైపు చేసిన అంకె.

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కలగజేసుకుంది ఇక్కడే. కంపెనీ అంకె పక్కన తన అంకె వేసింది. ఈ ఇంజన్ మీరు చెప్పినంత కాదు, స్ట్రిప్ (పందెం బాట) మీద ఇది పరిగెత్తిన తీరు చూస్తే ఇంత, కాబట్టి ఫలానా క్లాసులో పెడుతున్నాం అంది. దీన్నే ఫ్యాక్టర్డ్ హార్స్‌పవర్ అంటారు. ఈ రోజుకీ వాళ్ళ క్లాసిఫికేషన్ గైడ్ తెరిస్తే కంపెనీ చెప్పిన అంకె ఒకటి, సంఘం వేసిన అంకె ఒకటి పక్కపక్కన కనబడతాయి. అదే ఆటని పాడుచేసిందని సంతలో పెద్దాయన బాధ. ఆట ఆటగా మిగిలింది అక్కడేనని నేనంటున్నాను.

ఇంకో సంగతి. 1972 మోడళ్ళ దగ్గర్నుంచి కంపెనీలు గ్రాస్ హార్స్‌పవర్ మానేసి నెట్ హార్స్‌పవర్ ప్రకటించడం మొదలుపెట్టాయి. ఎయిర్ క్లీనరు, ఎగ్జాస్టు, ఆల్టర్నేటర్ అన్నీ తగిలించి కొలిచినది నెట్. ఇనుము మారకపోయినా అంకె ఒక్కసారిగా పడిపోయింది. కంపెనీ కాయితమే వేదం అనుకుంటే 1970 కారునీ 1973 కారునీ ఒక్క పట్టికలో పెట్టే దారేది? ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి కదా.

అంత సింపుల్ ఎప్పుడుందీ?

పాతరోజుల్లో రూల్స్ మార్చేవాళ్ళు కాదన్నది కూడా జ్ఞాపకం చేసే మాయే. 1963లో పాంటియాక్ వాళ్ళు బరువు తగ్గించడానికి కటలీనా ఛాసిస్‌కి జల్లెడలా బెజ్జాలు పొడిచారు. స్విస్ చీజ్ అని పేరే పడిపోయింది దానికి. దాన్ని స్టాక్ అని ఒప్పుకోక ఫ్యాక్టరీ ఎక్స్‌పెరిమెంటల్ అనే వేరే విభాగంలోకి తోశారు. 1964లో ఫోర్డ్ థండర్‌బోల్ట్ వచ్చింది. మామూలు ఫెయిర్‌లేన్‌లో 427 ఇంజన్ కుక్కి, ముందు భాగానికి ఫైబర్‌గ్లాస్ వేసి, హెడ్‌లైట్లలో లోపలి జంటని పీకేసి ఆ కన్నాల్లోంచి కార్బ్యురేటర్లకి గాలి గొట్టాలు లాగారు. బ్యాటరీ డిక్కీలోకి వెళ్ళింది. అది స్టాక్ ఎలా అయింది? కనీసం 50 బళ్ళు తయారుచేస్తే చాలన్నారు, చేశారు, అయింది. 1968లో క్రైస్లర్ వాళ్ళ హెమీ డార్ట్, హెమీ బరకూడా సంగతి చూడండి. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి చేసింది కాదని కంపెనీవాళ్ళే స్టిక్కర్ అంటించి అమ్మారు. కిటికీ అద్దం పైకెత్తడానికి హ్యాండిల్ బదులు పటకా పెట్టిన కారు అది.

1965లో చక్రాలని ముందుకి జరిపిన డాడ్జ్‌లు, ప్లిమత్‌లు వచ్చినప్పుడు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ససేమిరా అంది. అవి బయట మ్యాచ్ రేసుల్లో తిరిగి తిరిగి చివరికి ఫన్నీ కార్ అనే కొత్త జాతే పుట్టింది. ఇంతకీ నేననేది ఏమిటంటే, ఇవాళ మనం బొమ్మలు కట్టించుకుని గోడకి తగిలించుకునే ప్రతి కారూ ఏదో ఒక రూలుకి జవాబుగా పుట్టిందే. ఆ రూలు ఏడాదికేడాది మారుతూ వచ్చింది. మారని స్వర్ణయుగం ఒకటుందని నన్ను ఒప్పించాలంటే, అది ఏ సంవత్సరమో ముందు చెప్పాలి.

గ్యారేజీలో గాజు గొట్టం

మా వీధి చివర ఒక రిటైర్డ్ మెషినిస్టు ఉంటారు. 1957 షెవీ వ్యాగన్ తోలిన మనిషి. ఆయనతో నాకు స్నేహం కుదిరింది మెషీన్ షాపు వాసన వల్లే అనుకుంటాను, మా నాన్న లేత్ పని చేసేవారు. టియర్‌డౌన్ అంటే ఏం చేస్తారో చెప్పండి అని అడిగితే, చెప్పకుండా గ్యారేజీలోకి తీసుకెళ్ళారు.

బల్ల మీద సిలిండర్ హెడ్ తిరగేసి పెట్టారు. స్పార్క్ ప్లగ్గు బిగించి ఉంది, వాల్వులు మూసి ఉన్నాయి. కంబషన్ ఛాంబర్ అంచు చుట్టూ వేలితో సన్నగా గ్రీజు రాసి, మధ్యలో చిన్న బెజ్జమున్న మందపాటి ప్లాస్టిక్ పలక దాని మీద అదిమారు. బ్యూరెట్‌లో నీలం రంగు నీళ్ళు. కుళాయి తిప్పితే బెజ్జంలోంచి చుక్కచుక్కగా దిగుతోంది. ఆఖర్న ఒక్క గాలిబుడగ మిగిలింది. హెడ్‌ని ఇటు కాస్త, అటు కాస్త వంచి ఆ బుడగని బెజ్జం దాకా తరిమి, ఇంకో రెండు చుక్కలు వదిలారు. అప్పుడు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని గొట్టం మీది గీత చదివారు. "రాసిపెట్టిన దానికన్నా ఒక్క సీసీ తగ్గితే కంప్రెషన్ ఎక్కువైనట్టు. గెలిచిన కప్పు అక్కడే పెట్టేసి ఇంటికెళ్ళాలి" అన్నారు.

తర్వాత నా వేలు పట్టుకుని ఇన్‌టేక్ పోర్టులోకి దూర్చారు. పోత పోసినప్పటి గరుకు తగిలింది. స్టాక్‌లో పోర్టు గ్రైండ్ చెయ్యకూడదు, చేస్తే నున్నగా తెలిసిపోతుంది. కొందరు గ్రైండర్ వాడకుండా యాసిడ్ పోసి లోపల తినిపించేవారట. కొందరు గ్రైండ్ చేసి, తర్వాత ఇసుకలాంటి పొడి కొట్టి మళ్ళీ గరుకు తెప్పించేవారట. ఇన్‌స్పెక్టర్లకీ ఈ విద్యలన్నీ తెలుసు, ఎందుకంటే వాళ్ళలో చాలామంది ఒకప్పుడు అవి చేసినవాళ్ళే అని ఆయన చాలా గంభీరంగా చెప్పారు.

ఆ మధ్యాహ్నం తర్వాత నాకు ఒక విషయం స్పష్టమైంది. పోటీదారు చేసే దొంగతనానికి ఆచూకీ ఉంటుంది. లోహంలో ఎక్కడో అక్కడ దొరుకుతుంది. వేలు పెట్టి తడిమేవాడు, బ్యూరెట్ పట్టేవాడు ఉంటే చాలు. కంపెనీ అచ్చులో చేసిన దొంగతనానికి ఇంజన్ ఎంత విప్పినా ఆచూకీ దొరకదు. కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, ఎందుకంటే ఆ కొలతలు ఇచ్చింది కూడా వాళ్ళే. దాన్ని పట్టుకోవడానికున్న దారి ఒక్కటే: స్ట్రిప్ మీద పరుగు చూసి అంకె దిద్దడం.

దాచుకునే విద్య

ఇక నా వాదనకి ఎదురుగా వచ్చే గట్టి మాటకి వస్తాను. అంకెలు దిద్దుతారని తెలిశాక ప్రతివాడూ వేగం దాచుకోవడం మొదలుపెట్టాడు అంటారు. నిజమే. ఈ రోజు స్టాక్ పోటీలో తన కారు ఎంత సమయంలో వెళ్తుందో ముందే డయల్-ఇన్ రాసుకోవాలి, అంతకన్నా వేగంగా వెళ్తే ఓటమి. గీత దగ్గరికొచ్చేసరికి పక్కవాడిని ఓరకంట చూసుకుంటూ బ్రేకు నొక్కే దృశ్యం ఎవరికైనా బాధే. పైగా ఇండెక్స్ (ఆ క్లాసుకి సంఘం పెట్టిన ప్రామాణిక సమయం) కన్నా మరీ తక్కువ సమయంలో వెళ్తే ఆటోమేటిక్‌గా హార్స్‌పవర్ పెంచే పద్ధతి ఉంది కాబట్టి, మామూలు రోజుల్లో తన కారు అసలు సత్తా చూపించినవాడు తన నెత్తిన తనే బరువు పెట్టుకున్నట్టు.

అయితే దాచుకోవడం ఇప్పుడు పుట్టింది కాదు. 1960ల్లోనే క్లాసు గెలిచినవాళ్ళంతా ఎలిమినేటర్ అనే మొత్తం టైటిల్ కోసం తలపడినప్పుడు హ్యాండికాప్ ఉండేది. రెండు క్లాసుల జాతీయ రికార్డుల మధ్య తేడా ఎంతో, నిదానమైన బండి అంత ముందు బయల్దేరేది. 1963లో క్రిస్మస్ ట్రీ వచ్చాక ఈ పని ఇంకా తేలికైంది. ఇప్పుడు ఆలోచించండి. మీ క్లాసు రికార్డు మీరే బద్దలుకొడితే వచ్చే వారం మీకిచ్చే ముందు బయల్దేరే సమయం తగ్గిపోతుంది. మీకే కాదు, మీ క్లాసులో అందరికీ. అందుకని తెలివైనవాడు రికార్డు జోలికి పోకుండా, గెలవడానికి చాలినంతే పరిగెత్తించేవాడు. ఇలా దాచుకోవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అనడం ఆ తరం వాళ్ళ నోటే నేను మొదట విన్నాను. కాబట్టి దాచుకోవడాన్ని హార్స్‌పవర్ దిద్దుబాటుకి అంటగట్టడం అన్యాయం. వేరువేరు వేగాల బళ్ళని ఒకే పందెంలో పెట్టిన ప్రతి చోటా అది పుడుతుంది.

నాకు నిజంగా నిద్ర పట్టనివ్వని అభ్యంతరం వేరే ఉంది. అంకె దిద్దినప్పుడు శిక్ష మనిషికి పడదు, ఆ మోడలు మొత్తానికి పడుతుంది. ఒకే ఇంజన్, ఒకే బాడీ ఉన్న కారు దేశంలో ఇరవైమంది దగ్గర ఉందనుకోండి. అందులో ఒకడు మహా పనివాడు, డబ్బున్నవాడు. వాడి పరుగు చూసి అంకె పెంచారు. మిగిలిన పంతొమ్మిదిమంది ఏం పాపం చేశారు? శని ఆదివారాల్లో సొంతంగా రెంచి తిప్పుకునేవాడు పెరిగిన ప్రతి హార్స్‌పవర్‌కీ తగ్గ బరువు కారులో మొయ్యాలి, లేదా పై క్లాసుకి పోవాలి. కారు పుట్టుకతో తెచ్చుకున్న బలాన్ని కొలుస్తున్నామనుకుని, మనిషి చేత్తో రాబట్టిన బలాన్ని కొలిచి దాన్ని అందరికీ పంచుతున్నాం. ఇది చిన్న లోపం కాదు. సంతలో పెద్దాయన ఈ మాట అనుంటే నా దగ్గర సగం జవాబే ఉండేది.

మా స్నేహితుడి కొడుకు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. భోజనాల దగ్గర ఈ గొడవంతా విని, "ఇందులో ఏముంది అంకుల్, ప్రతి కారునీ బలం కొలిచే డైనో మిషను ఎక్కించి కొలిచేస్తే సరిపోతుంది కదా" అన్నాడు.

"అప్పుడు బాగా ట్యూన్ చేసినవాడికే శిక్ష పడుతుంది కదరా నాన్నా" అన్నాను. "రింగులు, వాల్వ్ జాబ్, కార్బ్యురేటర్ జెట్లు అన్నీ రూల్ ఒప్పుకున్న అంచుదాకా తెచ్చి పది హార్స్‌పవర్ రాబట్టాడనుకో. నువ్వు డైనో మీద ఆ పదీ కొలిచి లెక్కలో కలిపేస్తే వాడి కష్టం ఏమైనట్టు?"

"మరి స్ట్రిప్ మీద కొలిచినా అదే జరుగుతోందిగా?" అన్నాడు వెంటనే.

కుర్రాడు సరిగ్గా పట్టుకున్నాడు. ఆ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. మోడలు బలం వేరు, మనిషి పనితనం వేరు అని విడదీసే పరికరం ఏదీ లేదు. ఒకే మోడలు తోలే చాలామందిని, ఎవరూ దాచుకోలేని పరిస్థితిలో, ఏళ్ళ తరబడి గమనించడం ఒక్కటే దగ్గరి దారి.

లేబర్ డేకి ముందు రోజులు

అలాంటి పరిస్థితి ఒకటి ఉంది. 1961 నుంచీ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ళ నేషనల్స్ పోటీలు జరుగుతున్నది మా ఇండియానాపోలిస్‌లోనే. జనం అంతా సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే వారాంతంలో నైట్రో బళ్ళ కోసం వస్తారు. నేను అంతకుముందే సెలవు పెట్టుకుని వెళ్తాను. స్టాక్, సూపర్ స్టాక్ క్లాసుల్లో క్లాసు విజేత ఎవరో తేల్చే పరుగులు అప్పుడే ఉంటాయి. స్టాండ్స్ సగం ఖాళీ. డయల్-ఇన్ లేదు, హ్యాండికాప్ లేదు. ఒకే అక్షరం ఉన్న రెండు బళ్ళు, ఒకేసారి పచ్చలైటు, ముందు చేరినవాడిదే గెలుపు. ఏడాది పొడుగునా బ్రేకు మీద కాలేసి నడిపినవాడు కూడా ఆ రోజు యాక్సిలరేటర్ వదలడు. తాతల కాలం నాటి కార్లు ముందు చక్రాలు గాల్లోకి లేపి, నేలని తాకి, మళ్ళీ ఊపందుకుని పోతుంటే స్టాక్ క్లాస్ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. గెలిచినవాడు నేరుగా ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళి ఇంజన్ విప్పుకోవాలి.

నన్ను అడిగితే మోడలు బలం తేల్చడానికి ప్రధాన ఆధారం ఈ పరుగులే కావాలి. ఒకే క్లాసు బళ్ళు ఎలిమినేషన్‌లో తలపడినా ఇలాగే హ్యాండికాప్ లేకుండా వదులుతారు కాబట్టి, ఏడాదిలో అలాంటి పరుగులు ఇంకా దొరుకుతాయి. ఒక్క మహా పనివాడి ఒక్క పరుగు చూసి కాకుండా, ఆ మోడలు తోలే నలుగురైదుగురి పరుగులు రెండు మూడు సీజన్ల పాటు చూసి అంకె దిద్దితే, శిక్ష మనిషి పనితనానికి కాకుండా కంపెనీ దాచిన బలానికి పడుతుంది. ఈ మధ్యకాలంలో ఇది మరీ అవసరమైంది. 2008లో కోబ్రా జెట్ ముస్టాంగ్, ఆ తర్వాత డ్రాగ్ పాక్ ఛాలెంజర్, 2012లో 69 కోపో కమారోలు వచ్చాయి. మళ్ళీ రోడ్డెక్కని కార్లే, మళ్ళీ లెక్కపెట్టి చేసినవే. వీటికి హార్స్‌పవర్ ఎంతో కంపెనీనే అడిగి రాసుకుందామా?

ఈ ఆలోచన వీధి చివరి మెషినిస్టు గారికి చెప్పాను. ఆయన పాత రూల్సే మంచివనే వైపు మనిషి, నాతో చాలావరకు ఏకీభవించరు. "క్లాసు పరుగుల్లో కూడా దాచుకునేవాడు ఉంటే?" అని ఆయనే అడిగి, "దాచుకుంటే ఓడిపోతాడు, అదీ తన క్లాసువాళ్ళ ముందే. ఓడిపోనీ" అని ఆయనే జవాబు చెప్పారు. కానీ ఇంకో చిక్కు ఆయన ఎత్తి చూపించారు. చాలా క్లాసుల్లో ఒక్క బండే వస్తుంది. ఎదురు బండి లేనప్పుడు ఒంటరిగా వెళ్ళేవాడు గట్టిగా తొక్కాల్సిన పనేముంది? ఆ క్లాసుల్లో ఉన్నవే అరుదైన మోడళ్ళు, వాటి కంపెనీ అంకెల మీదే అసలు అనుమానం ఎక్కువ. వాటికి ప్రస్తుతానికి ఇప్పుడున్న పద్ధతే నడవాలి, ఇంతకన్నా మంచిది నాకు తట్టలేదు. కంపెనీ కాయితానికి తిరిగిపోవడం మాత్రం దానికి విరుగుడు కాదు.